తూము దగ్గర ఛాతీ లోతు

మా వరండా మూలలో ఒక వెదురు గడ ఆనించి ఉంది. గాలపు గడ. కొనకు నైలాను దారం ఇంకా చుట్టే ఉంది, గాలం మాత్రం తీసేశాను. మొదలు కింద పెట్టి నిలబెడితే, సరిగ్గా ఛాతీ ఎత్తున దాని మీద ఒక గాటు ఉంటుంది. మా బావ తన పంచర్ల షాపులో ట్యూబు ముక్కలు కోసే కత్తితో పెట్టిన గాటు. చెరువుకు వెళ్ళిన ప్రతిసారీ, గాలం వేయకముందే మేం ఆ గడను తూము దగ్గరి గుంటలో నిలబెట్టి చూసేవాళ్ళం. నీళ్ళు గాటును తాకితే మా బావకు బాప్తిస్మం. తాకకపోతే మళ్ళీ వచ్చినప్పుడు చూద్దామని చేపలకు కూర్చునేవాళ్ళం. అన్నేళ్ళలో నీళ్ళు గాటును తాకింది ఒక్కసారే. ఆ ఒక్కసారి నేను చేసిన పని గురించే ఇది.

చెరువు ఆత్మకూరు నుంచి ఉదయగిరి పోయే దారిలో, తారు రోడ్డు దిగి మట్టిదారిన మూడు కిలోమీటర్లు లోపలికి పోతే వస్తుంది. దాని కిందే మా సొంత ఊరు, మా చిన్న క్రైస్తవ గుడి. నా చిన్నప్పుడు కట్ట మీద నిలబడితే దూరాన ఉన్న కొండ వరుస మొత్తం నీళ్ళలో తలకిందులుగా పడేది. గాలి లేని పూట ఏది కొండో ఏది నీడో చెప్పడం కష్టం. తామరాకుల మధ్య నీటికోళ్ళు నడిచేవి. మా నాయన బడిపంతులు, సంఘంలో పెద్ద. శనివారం పొద్దున్నే నన్ను సైకిలు వెనక కూర్చోబెట్టుకుని చెరువుకు తీసుకుపోయేవాడు. ఆయనకు కొరమీను తప్ప ఇంకే చేపా చేప కాదు. చిన్న కప్పను గాలానికి గుచ్చి, తామరాకుల మధ్య ఖాళీలో గంతులు వేయించాలి. కొరమీను కింద నుంచి చూసి చూసి ఒక్కసారిగా లేస్తుంది. ఆ దెబ్బకు గడ చేతిలోంచి జారిపోయేంత పని అవుతుంది.

ఆయన నాకు నేర్పిన నియమం ఒక్కటే. కొరమీను పిల్లలు పెట్టినప్పుడు ఆ పిల్లలు ఎర్రగా, గుంపుగా నీటి మీద తిరుగుతుంటాయి. తల్లీ తండ్రీ వాటి కిందే కాపలా ఉంటాయి. ఆ గుంపు మధ్యలో గాలం వేస్తే చాలు, పిల్లల మీదికి ఏదో వచ్చిందని పెద్దది తెగబడి మింగుతుంది. అంతకంటే సులువైన వేట లేదు. అందుకే వేయకూడదు. గూట్లో పిల్లల మీద కూర్చున్న తల్లిపిట్టను పట్టుకోవద్దని దేవుడు తన ప్రజలకు చెప్పిన ఆజ్ఞను నాయన ఆ ఎర్ర గుంపును చూపించే నాకు వివరించాడు. ఆదివారం బడిలో నేర్చుకున్న ఆజ్ఞలు చాలా మరిచిపోయాను గానీ ఇది మరవలేదు.

మా సంఘంలో బాప్తిస్మాలు కూడా అక్కడే జరిగేవి. కోతలయ్యాక కూడికలు పెట్టి, చివరి రోజు అందరం కట్ట మీదికి పాటలు పాడుకుంటూ పోయేవాళ్ళం. తూము దగ్గర పాస్టరుగారు ఛాతీ లోతులో నిలబడేవారు. నన్ను పద్నాలుగో ఏట అక్కడే ముంచారు. కాలివేళ్ళ మధ్య ఒండ్రు, నోట్లో చెరువు నీళ్ళ రుచి, లేచి చూసేసరికి గట్టు మీద నాయన తువ్వాలుతో ముఖం తుడుచుకుంటూ ఉండడం, ఇప్పటికీ గుర్తున్నాయి. నేను పాత మనిషిగా నీళ్ళలోకి పోయి కొత్త మనిషిగా వచ్చానని ఆ రోజు నమ్మాను. ఇప్పుడూ నమ్ముతున్నాను.

మా బావ అంటే మా అక్క భర్త. గొర్రెలు మేపుకునే కుటుంబం, వాళ్ళ దేవుళ్ళు వేరు. అక్క ఇష్టపడి చేసుకుంది. నాయన రెండేళ్ళు ఆమెతో మాట్లాడలేదు. సంఘం కొన్నాళ్ళు ఆమెను ప్రభువు బల్ల దగ్గర రొట్టె, ద్రాక్షరసం తీసుకోనివ్వలేదు. బావ మాత్రం ఎవరినీ ఒక్క మాట అనలేదు. ఆదివారం ఆత్మకూరు నుంచి అక్కను బండి మీద తెచ్చి గుడి ముందు దించి, బయట వేపచెట్టు కింద కూర్చునేవాడు. తర్వాత గుమ్మం దగ్గర, ఆ తర్వాత లోపల వెనక బెంచీలో. ఒక ఉపవాస కూడికలో ఉన్నట్టుండి లేచి, తాను ప్రభువును నమ్మినానని, మాట్లాడడం తనకు రాదని చెప్పి కూర్చున్నాడు. మా సంఘంలో నేను విన్న సాక్ష్యాల్లో అంత చిన్నది ఇంకొకటి లేదు.

అప్పుడే ముంచి ఉండాల్సింది. కానీ వాళ్ళమ్మ బతికుంది. ఆమె కళ్ళ ముందు మునగనని, ఆమె మనసు కష్టపెట్టలేనని బావ అన్నాడు. ఆమె పోయేటప్పటికి చెరువు తగ్గడం మొదలయింది. ఎగువన వాగు మీద కట్టలు వచ్చాయి, చెరువుకు నీళ్ళు తెచ్చే కాలువ చిల్లకంప ముళ్ళపొదలతో మూసుకుపోయింది, మిగిలిన దాంట్లో మట్టి తవ్వకాలు. అప్పటికి ఆత్మకూరులో ఒక గుడివాళ్ళు వేదిక వెనక టైల్స్ వేసి సిమెంటు తొట్టి కట్టుకున్నారు. మా పాస్టరుగారు బావను అక్కడికి తీసుకుపోదామన్నారు. వద్దన్నది నేను. చేపల మార్కెట్లో బతికిన చేపల్ని వేసి ఉంచే తొట్టిలాగా ఉందని ఎగతాళి చేశాను. మా నాయన, అక్క, నేను మునిగిన నీళ్ళలోనే బావ మునగాలన్నాను. గ్రంథంలో చెరువని ఎక్కడా లేదు, మునగాలనే ఉంది. అది నాకు బాగా తెలుసు, ఆదివారం బడిలో చెప్పేవాడిని నేనే. తెలిసే అన్నాను. బావ నా మాట పట్టుకున్నాడు. ఆ వారమే గడ మీద గాటు పెట్టాడు.

అప్పటినుంచి నెలకో రెండు నెలలకో ఒక శనివారం ఇద్దరం చెరువుకు పోయేవాళ్ళం. దారిలో ఆయన షాపు గురించి చెప్పేవాడు. నన్ను అయివోరా అని పిలిచేవాడు, నేనూ పంతులునే కాబట్టి. ఒకసారి గడ నిలబెట్టి చూస్తూ అన్నాడు:

“రోజుకు పది ట్యూబులు ముంచుతుండా అయివోరా. బుడగలొచ్చిన కాడ చిల్లు ఉండాదని తెలస్తాది. నన్ను ముంచినా బుడగలే వస్తాయి, చూస్కో.”

“నీకు చిల్లు యాడ ఉండాదో అక్కకు తెల్సులే బావా,” అన్నాను.

“నీ చిల్లు ఎవురికీ తెల్వదు. అదే నీ అదృష్టం.”

ఇద్దరం నవ్వుకున్నాం. అవి మంచి రోజులని అప్పుడు అనుకోలేదు. చేపలు ఏటేటా తగ్గాయి. కొరమీను పడే చోట జిలేబి చేపలు, చెత్త తినే పిల్లిచేపలు పడేవి. నేను ఆన్‌లైన్‌లో ఫైబరు గడ, రబ్బరు కప్ప తెప్పించాను. మొదటి విసురుకే కప్ప పోయి చిల్లకంపలో చిక్కుకుంది. అది ప్రాణం లేని కప్పని చేపలకు తెలుసు, కొన్నవాడికే తెలియదని బావ ఇంటికి పోయేదాకా అంటూనే ఉన్నాడు. తర్వాత తామర పోయింది. నీటికోళ్ళు పోయాయి. కొండ నీడ పడేందుకు నీళ్ళు చాలక, పైభాగం తెగి సగం కొండ కనబడేది. చివరికి చెరువంతా నెర్రెలిచ్చి, తూము దగ్గరి గుంట ఒక్కటే మిగిలింది. నీళ్ళు మోకాలి దగ్గరే ఆగేవి. మేం గడ నిలబెట్టి, చూసి, వచ్చేసేవాళ్ళం. రాత్రంతా వల వేసి ఏమీ పట్టక తెల్లారి ఒడ్డుకు వచ్చిన ప్రభువు శిష్యుల గురించి నేను సండే స్కూల్లో చెప్పినప్పుడల్లా, వాళ్ళకు ప్రభువు ఒడ్డున కనబడ్డాడు గదా అని నాకు నేను చెప్పుకునేవాడిని.

ఇంతలో బావ కాళ్ళు వాచాయి. ఈ పడమటి మెట్టలో కాళ్ళ వాపంటే అందరికీ ముందు గుర్తొచ్చేది కిడ్నీలే. నెల్లూరు ఆసుపత్రిలో పరీక్షలన్నీ చేశారు. కొన్ని నెలలు మందులతో నడిచింది. ఆ వేసవిలో డాక్టరు ఇక డయాలిసిస్ తప్పదన్నాడు. మెడ దగ్గర ఒక గొట్టం పెడతామని, తేదీ ఫలానా మంగళవారమని చెప్పాడు. అది పెట్టాక దానికి నీళ్ళు తగలకూడదు. స్నానం కూడా మెడ కిందికే. అది ఉన్నంతకాలం నీళ్ళలో మునగడం అనే మాటే వద్దన్నాడు. ఆ మాటకు అక్క నా ముఖం వైపు చూసింది. బయట కారిడార్లో నన్ను పక్కకు పిలిచింది.

“తొట్టో చెరువో నాకు తెల్వదు రా. ఆ మంగళారం లోపల ఆయన మునగాల. నువ్వే ఆపినావు, నువ్వే చెయ్యి.”

చేస్తానన్నాను. అప్పటికి మాకు పదిహేను రోజులున్నాయి. ఆ వారమే రెండు గాలివానలు వచ్చాయి. వేసవి మధ్యలో అంత వాన మా వైపు కురవడం అరుదు. శుక్రవారం సాయంత్రం ఊరినుంచి పాస్టరుగారు ఫోను చేసి తూము గుంటలోకి నీళ్ళు దిగాయని చెప్పారు. నేను అక్కడే మోకరించాను. పదకొండు రోజుల ముందు దేవుడు గుంట నింపాడంటే దానికి ఇంకో అర్థం నాకు కనబడలేదు. ఆదివారం ఆరాధన అయ్యాక బాప్తిస్మమని ఖాయం చేసుకున్నాం.

శనివారం పొద్దున బావా నేనూ చూసి రావడానికి పోయాం. బావ కట్ట మీద రెండుచోట్ల ఆగి ఊపిరి తీసుకున్నాడు. నేను గడ నిలబెట్టాను. నీళ్ళు గాటుకు నాలుగు వేళ్ళు పైకే ఉన్నాయి. నేను స్తోత్రం చెప్పాను. బావ గుంట మధ్యకు చూస్తున్నాడు. నీటి మీద ఎవరో కారప్పొడి చల్లినట్టు ఒక ఎర్రటి మచ్చ కదులుతోంది. దగ్గరికి పోతే వేలకొద్దీ పిల్లలు. కింద నల్లగా, మోచేయంత కొరమీను ఒకటి మెల్లగా పక్కకు తిరిగింది. ఇంకొకటి దూరాన పైకొచ్చి గుటక వేసి మునిగింది. ఆ చెరువులో కొరమీను చూసి మాకు మూడేళ్ళు దాటింది. ఈ జత అన్నాళ్ళు ఏ బురదలో దాక్కుని బతికాయో తెలియదు.

“రేపు ముప్పై మంది వస్తారు. ఈడే గదా దిగి తొక్కేది,” అన్నాడు బావ.

“అవును.”

“ఇవి చెదిరిపోతాయి. చెదిరినాయంటే సాయంత్రానికి కొంగల నోట్లో ఉంటాయి. ఒక్క వారం ఆగుదాం అయివోరా. నల్లబడితే వాటి దోవన అవి పోతాయి. మీ నాయన చెప్పిందే గదా.”

“డాక్టరు చెప్పిన మంగళారం?”

“దానికి ముందర ఇంకో ఆదివారం ఉండాది. నీళ్ళు ఏడికి పోతాయి?”

నేను వద్దని ఉండాల్సింది. దారి పక్కన నీళ్ళు కనబడగానే బాప్తిస్మం కోసం రథం ఆపించి దిగిపోయిన బైబిల్లోని అధికారి కథ నేను ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. ఆయన నీళ్ళలో ఏముందో చూడలేదు, ఇంకో వారం చూద్దామనలేదు. ఆ కథ నాకు అక్కడ, గుంట ఒడ్డున, గుర్తుకే రాలేదు. నాకు గుర్తొచ్చింది తల్లిపిట్ట ఆజ్ఞ. మా నాయన మాటను మాలో పుట్టి పెరిగినవాళ్ళ కంటే ఈయన బాగా పట్టుకున్నాడని నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ప్రభువు దీన్ని చూసి సంతోషిస్తున్నాడనుకున్నాను. సరేనన్నాను. కట్ట మీదనుంచే పాస్టరుగారికి ఫోను చేశాను. అక్కకు చెబితే ఆమె ఫోను పెట్టేసింది.

మర్నాడు ఆరాధనలో ప్రకటనలప్పుడు, వాయిదా ఎందుకో సంఘానికి చెప్పమని పాస్టరుగారు నన్నే లేపారు. ఒక్క మాటతో సరిపోయేది. నేను పది నిమిషాలు మాట్లాడాను. తూము గుంటలో ఎంత లోతు నీళ్ళున్నాయో చెప్పాను. ఎన్నాళ్ళకో కనబడిన కొరమీను జత గురించి, అవి ఎంత పెద్దవో, పిల్లలు ఎలా ఉన్నాయో చెప్పాను. ఇంకా మునగని మనిషి దేవుడి ఆజ్ఞను ఎలా గౌరవించాడో చెప్పాను. ఆమెన్ అన్నారు. ఇద్దరు ముసలమ్మలు కళ్ళొత్తుకున్నారు. బావ వెనక బెంచీలో తల వంచుకుని కూర్చున్నాడు. నాకు ఆ రోజంతా మనసు నిండుగా ఉంది. నాయన ఉంటే ఎంత సంతోషించేవాడో అనుకున్నాను.

తర్వాతి ఆదివారం మధ్యాహ్నం ఆరాధన అయ్యాక అందరం కట్ట ఎక్కాం. బావ తెల్ల పంచె, తెల్ల చొక్కా వేసుకున్నాడు. అక్క చేతిలో పొడి బట్టల సంచి ఉంది. స్త్రీల సమాజం వాళ్ళు పాట ఎత్తుకున్నారు. ముందు నడుస్తున్నవాళ్ళు కట్ట మీద ఆగిపోయారు. పాట వెనకనుంచి ఇంకా కొంచెంసేపు వినబడి, అది కూడా ఆగింది.

గుంటలో నీళ్ళు లేవు. తూము పక్కన మట్టిలో ట్రాక్టరు చక్రాల గుర్తులు, ఇంజను పెట్టిన చోట డీజిలు మరక, కట్ట అవతలికి పైపు లాగిన చార. అడుగున బురద. బురద అంచున ఎర్రటి పొర ఒకటి ఎండి పెళుసుగా ఉంది. మేకలు మేపుతున్న ఒక అవ్వ దగ్గరికి వచ్చింది. చెరువు చేపల్ని వేలంపాటలో పాడుకున్న మనిషి గురువారం ఇంజను పెట్టి నీళ్ళు తోడించాడని చెప్పింది. రెండేళ్ళుగా అతను ఇటు తొంగి చూడలేదని, ఇందులో ఏమీ లేదని వదిలేసుకున్నాడని కూడా ఆమే చెప్పింది.

“మీ గుళ్ళోనే చెప్పినారంట గదయ్యా, తూము కాడ కొరమీన్లు ఉండాయని. పెద్దయి రెండు దొరికినాయి. ఉదయగిరికి తీసకపొయ్యి అమ్మినాడు.”

అతన్ని తప్పు పట్టలేను. పాట పాడుకున్నవాడు, అతని హక్కు. గుడిలో విన్న మాట ఎవరో బంధువుకు చెప్పి ఉంటారు, మంచి మాటగానే చెప్పి ఉంటారు. నేను ఎలా చెప్పానో అలాగే.

బావ నా చేతిలోంచి గడ తీసుకుని దిగి, ఎప్పటిలాగే గుంటలో నిలబెట్టాడు. బురద జానెడు కూడా లేదు. గాటు వైపు చూశాడు, తర్వాత నా వైపు.

“చిల్లు యాడ ఉండాదో తెలిసింది అయివోరా,” అన్నాడు.

కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే బాగుండేది. పాస్టరుగారు వెంటనే ఆత్మకూరు తొట్టివాళ్ళకు ఫోను చేశారు. తొట్టి ఖాళీగా ఉందని, ట్యాంకరు పిలిపించి రేపు పొద్దునకు నింపిస్తామని వాళ్ళు ఎంతో ప్రేమగా చెప్పారు. సోమవారం ఇంకా ఉంది. నేను ఆ మాట చెబుతుండగానే బావ కట్ట ఎక్కుతూ సగంలో కూర్చుండిపోయాడు. ఊపిరి అందడం లేదు. పాస్టరుగారి కారులో పడుకోబెట్టి నెల్లూరు తీసుకుపోయాం. ఊపిరితిత్తుల్లోకి నీరు చేరిందని, ఆగడానికి లేదని, ఆ సాయంత్రమే మెడలో గొట్టం పెట్టేశారు. అక్క పొడి బట్టల సంచి ఒళ్ళో పెట్టుకుని బయట బెంచీ మీద కూర్చుంది. నేను ఆమె పక్కన కూర్చోలేదు. ఎదురుగా గోడకు ఆనుకుని నిలబడ్డాను.

తర్వాత డయాలిసిస్ చేతినుంచే జరిగేలా చేతికి ఆపరేషను చేసి, అది కుదిరితే మెడలోది తీసేస్తామన్నారు. రెండుసార్లు చేశారు. నరం పని చేయలేదు. మూడోసారి గుండె తట్టుకోదన్నారు, గొట్టం మెడలోనే ఉండిపోయింది. మా పాస్టరుగారు దయగల మనిషి. ప్రభువు పక్కన సిలువ మీద వేలాడుతూనే నమ్మి పరదైసు మాట పొందిన ఆ దొంగ ఏ నీళ్ళలో మునిగాడని అడిగారు. ఆ ప్రశ్నకు జవాబు నేను సండే స్కూల్లో ఏళ్ళ తరబడి చెప్పాను. ఆ దొంగ చేతులకు మేకులు కొట్టి ఉన్నాయి, దిగడానికి వీల్లేదు, కాబట్టి అతన్ని చూపించి మనం తప్పించుకోకూడదని. మా చేతులకు మేకులు లేవు. మాకు ఒక చెరువుంది, ఏళ్ళకేళ్ళు ఉన్నాయి, చివరికి ఒక నిండిన గుంట కూడా ఉంది.

సంఘ పెద్దలు కూర్చుని, తల మీద నీళ్ళు పోసి బాప్తిస్మంగా లెక్కిద్దామా అని మాట్లాడారు. ఇద్దరు ఒప్పుకోలేదు. మిగతావాళ్ళు నా వైపు చూశారు. నీళ్ళు పోద్దామనే నేనన్నాను. జీవితంలో మొదటిసారి అలా అన్నాను. ఆ మాట తీసుకుని నేనూ పాస్టరుగారూ బావ ఇంటికి పోయాం. బావ మంచం మీద కూర్చుని మొత్తం విన్నాడు.

“చల్లితే కాదు, పోస్తే కాదు, మునగాల అని చెప్పినోడివి నువ్వే గదా. ఇప్పుడు నాకొకడికి అయితాదా? వద్దులే అయివోరా. నా కోసం మార్చబాకండి.”

మేం మళ్ళీ అడగలేదు. నేను నేర్పిందే ఆయన నాకు అప్పజెప్పాడు. 

ఈ ఏడు వానలు పడలేదు. నేను అప్పుడప్పుడూ ఒక్కడినే కట్ట మీదికి పోతాను. తూము గుంటలో చిల్లకంప మొలిచింది. కొండ ఉంది, దాని కింద నీళ్ళు లేవు. ప్రార్థన చేస్తాను. ప్రభువు అన్నీ చేయగలడని నమ్ముతాను, నమ్మకపోతే నేను లేను. కానీ ఆయన చేసినదాన్నే నేను చెడగొట్టాను, మళ్ళీ చేయమని ఏ ముఖంతో అడగను?

బావ వారానికి మూడుసార్లు నెల్లూరుకు పోయి వస్తాడు. ఆదివారం మాత్రం మానడు. ఇప్పుడు గోడ పక్కన, నా బెంచీలోనే కూర్చుంటాడు, ఆనుకోవడానికి వీలుగా. మెడకు గుడ్డ చుట్టుకుంటాడు. నెలలో మొదటి ఆదివారం ప్రభువు బల్ల, మా సంఘంలో మునిగినవాళ్ళకే రొట్టె. రొట్టె పళ్ళెం గోడవైపు నుంచి మొదలవుతుంది, కాబట్టి ముందు ఆయన చేతికే వస్తుంది. వేళ్ళు లోపలికి తగలకుండా అంచు పట్టుకుంటాడు. ఆ వేళ్ళకు ట్యూబులు అంటించే జిగురు వాసన ఇంకా పోలేదు. ఒక్క క్షణం దించిన తల ఎత్తకుండా పట్టుకుని, నాకు అందిస్తాడు. నేను ఆయన చేతిలోంచి తీసుకుంటాను.